మోకు దాటిన పిల్ల

బాపు పెద్దకర్మ నాడు పొద్దున మా గల్లీలో షామియానా వేస్తున్నారు. మహబూబాబాద్‌లో మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు బండి పోతుంటే నేల కొంచెం అదురుతుంది. టెంటు మనుషులు నిలబెట్టిన గుంజల్లో ఒకటి మా గేటు వైపు ఒరిగింది. ఒకతను అవతలి తాడు పట్టుకుని బలమంతా పెట్టి లాగుతున్నాడు. గుంజ నిటారు కాలేదు, నడుమ దగ్గర వంగింది.

నేను మెట్లు దిగి వెళ్ళాను.

"దాన్ని లాగకు. ముందుగాల ఇటు తాడు వదులు చెయ్. అప్పుడు అటు బిగియ్. రెండు దిక్కుల బిగిస్తే గుంజ ఏడికి పోతది?"

అతను నమ్మలేదు. నేనే ఇటు తాడు విప్పి, కాస్త వదిలి, మళ్ళీ ముడి వేశాను. అటు తాడుకు భుజం ఆనించి బరువు మోపి చూశాను. సరిపోయింది.

"అరె, టీచరమ్మకు మన పని వస్తదిరా," అన్నాడు అతను తోటివాడితో. నా వైపు తిరిగి, "మేడం, రిటైరైన్రు గద, మా ఓనర్‌ను అడగమంటరా? లగ్గాల సీజనుల మనుషులు దొర్కుతలేరు," అన్నాడు.

అక్కడున్న చుట్టాలు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ముఖం వేడెక్కింది. లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాను. ఇంత వయసు వచ్చాక ఒక తాడు పట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నాది కాదని నాకు ఎప్పటినుంచో తెలుసు. అయినా వచ్చింది.

మాది ఊరు అనడానికి ఊరు కాదు. గోదావరి ఒడ్డున, ఇప్పుడు భూపాలపల్లి జిల్లా అంటున్న అడవి అంచున, కొన్ని గుడిసెలు. మేము బెస్తవాళ్ళం. నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. కొందరు చేపలు పట్టేవాళ్ళు, కొందరు పడవ నడిపేవాళ్ళు. అప్పటికి మాకు సరైన రోడ్డు లేదు. మిరపకాయ, వెదురు, తునికాకు, పెళ్ళివాళ్ళు, రోగులు, అందరూ అన్నీ నది మీదనే. దిగువకు పోవడానికి నీటి వాలు చాలు. ఎగువకు పోవాలంటే గాలి కావాలి, తెరచాప కావాలి.

తెరచాప కొయ్య పడవ నడుమ ఉండేది. దానంతట అది నిలబడదు. కొసన కట్టిన లావు తాళ్ళు, మోకులు, దాన్ని నిలబెడతాయి. పడవ ముక్కు వైపు ఒకటి, వెనక ఒకటి, కుడి ఎడమల చెరి రెండు. ఒక వైపు ఎక్కువ బిగిస్తే కొయ్య అటు ఒరుగుతుంది. అన్నీ ఎక్కువ బిగిస్తే అడుగున పలక పగులుతుంది. వదులుగా ఉంటే కొయ్య ఊగి ఊగి ఒకరోజు విరుగుతుంది. పైగా అవి నారమోకులు. తడిస్తే బిగుసుకుంటాయి, ఎండితే సాగుతాయి. పొద్దుటి మంచులో కట్టిన కట్టు మధ్యాహ్నం ఎండకు పనికిరాదు. మధ్యాహ్నపు కట్టు వాన పడితే పనికిరాదు. అందుకని కొయ్య నిలబెట్టడం ఒక్కసారి చేసి మరిచిపోయే పని కాదు. రోజంతా బిగించడం, వదలడం, బిగించడం.

ఆ పనిలో బాపు చేతికి పేరుండేది. ఆయన మోకుకు భుజం ఆనించి, కళ్ళు మూసుకుని, బరువు మోపేవాడు. అంతే. ఎంత వదలాలో తెలిసిపోయేది. మాకు సొంత పడవ లేదు. నడిపేది సావుకారి పడవ. బాపుకు ఉన్నదల్లా ఆ పేరే. ఎగువ రేవుల్లో ఎవరు కొత్త కొయ్య నిలబెట్టినా ఆయనకు కబురు వచ్చేది. పని అయ్యాక కల్లు ముంత మొదట ఆయనకే ఇచ్చేవాళ్ళు, కూరలో మంచి ముక్క ఆయనకే వేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చేటప్పుడు నడక వేరుగా ఉండేది. దూరం నుంచే గుర్తుపట్టి మా అవ్వ, "వస్తుండు తహసీల్దారు," అని పొయ్యి మీద ఉడికే జొన్నగట్క దించేది.

ఎండాకాలం మొదట్లో మోకులనూ వలలనూ తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో నానబెట్టేవాళ్ళు, కుళ్ళకుండా. ఆ వగరు వాసన ఒడ్డంతా ఉండేది. బాపు అరచేతుల్లో ఉండేది. ఆయన కలిపి పెట్టిన ముద్దలో కూడా తగిలేది. నిప్పుల మీద కాల్చిన ఎండుచేప, జొన్నగట్క, ఆ వగరు. ఇప్పటికీ నాకు అన్నం రుచి అంటే మొదట గుర్తొచ్చేది అదే.

నానిన మోకులను చెట్ల మధ్య కట్టి, బండలు వేలాడదీసి ఆరబెట్టేవాళ్ళు. మేము పిల్లలం వాటి మీద ఎక్కి ఊగేవాళ్ళం. నాయినమ్మ కర్ర పట్టుకుని వచ్చేది.

"దిగున్రి. అది గంగమ్మ జడ. జడ పట్టుకొని ఊగుతరా?"

"మగపిల్లలు ఊగుతున్నరు గద నాయినమ్మా?"

"వాళ్ళు రేపు పడవ ఎక్కెటోళ్ళు. నువ్వేమెక్కుతవే, పొయ్యా?"

ఆడవాళ్ళు మోకు ముట్టుకోకూడదు. ఇసుకలో పరిచిన మోకును అసలు దాటకూడదు. చుట్టూ తిరిగి పోవాలి. దాటితే కొయ్య నిలబడదంటారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను మోకు ముట్టుకోకుండానే ఆ పనంతా నేర్చుకున్నాను. బాపు బిగిస్తుంటే ఒడ్డున కూర్చుని చూసేదాన్ని. ఏ మోకు ముందు వదులుతాడో, ఏది తర్వాతో, మనసులో చెప్పుకునేదాన్ని. ఎక్కువసార్లు సరిపోయేది.

ఒక ఏడు మిరపకాయలు దిగే కాలంలో బాపు భూపాలపల్లి అంగడి నుంచి నీలం రంగు నైలాను తాడు తెచ్చాడు. మా రేవులో అటువంటిది అదే మొదటిది. ఒడ్డంతా వచ్చి చేతిలో పట్టుకుని చూశారు. బాపు దాన్ని నీళ్ళలో ముంచి పైకి తీసి దులిపి చూపించాడు.

"సూడున్రి. నీళ్ళు తాగదు. కుళ్ళదు. తుమ్మచెక్క అక్కెర్లేదు, ఏం అక్కెర్లేదు."

"మెత్తగుంది బావా, చీర నేసుకోవచ్చు," అన్నారెవరో. అందరూ నవ్వారు.

తెచ్చింది ఒక వైపుకే సరిపోయింది. కుడి వైపు రెండూ నీలం తాడు కట్టి, ఎడమ వైపు పాత నారమోకులే ఉంచుతానన్నాడు. అవ్వ గంజి వారుస్తూ అన్నది:

"ఒక దిక్కు గది, ఒక దిక్కు గిదా? ఎడ్లను కట్టెటప్పుడు గూడ జోడు చూస్తరు."

"నీకెందుకే? నువ్వు పొయ్యి చూసుకో."

మరునాడు పొద్దున పక్కమోకులన్నీ విప్పి ఇసుకలో పరిచి కొత్త కట్టు కడుతున్నాడు. ఆయన తమ్ముడు, మా కాక, సావుకారి మిరప బస్తాలు పడవలోకి ఎక్కిస్తున్నాడు. నేను గట్క గిన్నె తెచ్చాను. గిన్నె కాలుతోంది. చుట్టూ తిరిగే ఓపిక లేక నారమోకును దాటి బాపు దగ్గరికి పోయాను. బట్టలు ఉతికే ఆడవాళ్ళు కెవ్వున అరిచారు. బాపు తల ఎత్తి చూశాడు.

"ఏం గాదు తియ్యి. గిన్నె ఆడ పెట్టి ఇంటికి పో."

అంత తేలిగ్గా అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

పడవ నిండింది. గాలి కోసం చూస్తుంటే మబ్బు పట్టి ఒక జల్లు కొట్టింది. మేమంతా చెట్ల కిందికి ఉరికాం. జల్లు తగ్గగానే దిగువ నుంచి మంచి గాలి లేచింది. అటువంటి గాలిని ఎవరూ వదులుకోరు. బాపు పడవ ఎక్కి, వాన పడ్డప్పుడల్లా చేసేదే చేశాడు. తడిసి బిగుసుకున్న ఎడమ మోకులు కొంత వదిలాడు. కుడి వైపుకు పోయి అక్కడా అంతే వదిలాడు. ఏళ్ళ తరబడి రెండు వైపులా సమంగా వదిలిన చెయ్యి. కానీ కుడి వైపు ఉన్నది నార కాదు. అది తడిసి బిగుసుకోలేదు. బిగుసుకోనిదాన్ని వదిలేసరికి వేలాడింది. నేను ఒడ్డు నుంచి ఆ వేలాడటం చూశాను. నీలం తాడు గాలికి ఆడుతుంటే బాగుందనుకున్నాను. దాని అర్థం అప్పుడు తెలియలేదు.

నడి నదిలోకి పోయి తెరచాప ఎత్తారు. గాలి నిండింది. కొయ్య ఎడమకు ఒరిగింది. మళ్ళీ లేస్తుందనుకున్నాం. లేవలేదు. అడుగున విరిగిన చప్పుడు ఒడ్డు దాకా వినిపించింది. కొయ్య, తెరచాప, మోకులు అన్నీ కలిసి కాక మీద పడ్డాయి. పడవ పక్కకు ఒరిగి మిరప బస్తాలు నీళ్ళలోకి జారాయి.

వలల పడవలు పోయి వాళ్ళను తెచ్చాయి. కాక కుడి భుజం నలిగిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. చిరిగిన బస్తాల మిరపకాయలు వారం దాకా దిగువ ఒడ్డుకు కొట్టుకు వస్తూనే ఉన్నాయి. పిల్లలు ఏరి ఇసుకలో ఎండబెట్టారు. రేవంతా తుమ్ములే. ఆ నెల ప్రతి ఇంట్లో చేపల పులుసు ఎర్రగా ఉండేది.

కాకను గుడిసెలో పడుకోబెట్టాక అందరూ ఒడ్డున కూడారు. సావుకారి బాపును అడిగాడు.

"కొయ్య కట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న గిట్లయిందా?"

"కాలే."

"మరి ఇయ్యాల ఎట్లయింది?"

బాపు చేతిలో నీలం తాడు కొస ఉంది. అది తెగలేదు. ముడి కూడా ఊడలేదు. ఆయన దాన్నే చూస్తున్నాడు. అప్పుడు బట్టలుతికే వాళ్ళలో ఒకామె అన్నది:

"పొద్దుగాల ఆయన బిడ్డె మోకు దాటింది. మేమందరం చూసినం."

నాయినమ్మ నుదురు కొట్టుకుంది. అందరూ నా వైపు తిరిగారు. బాపు కూడా తిరిగాడు. నన్ను చూశాడు. తాడును చూశాడు. నాకు భయం లేదు. ఏం గాదు అని పొద్దున అన్న మనిషే కదా, ఇప్పుడూ అదే అంటాడనుకున్నాను.

"చిన్నపోరి అయ్యా," అన్నాడు బాపు. "తెల్వక దాటింది. దాన్ని ఏమనకున్రి."

విన్నవాళ్ళకు ఆయన బిడ్డను వెనకేసుకొచ్చినట్టే ఉండి ఉంటుంది. సావుకారి గొంతు కూడా తగ్గింది. ఏమనకండి అని అడిగాడంటే అనడానికి ఏదో ఉన్నట్టే కదా. నా తప్పును నా తరఫున ఆయనే ఒప్పుకున్నాడు.

మరునాడు నాకు తలారా నీళ్ళు పోసి, తడి బట్టలతో పడవ చుట్టూ తిప్పారు. పసుపు నీళ్ళతో పడవ కడిగించారు. చూడటానికి పక్క రేవు వాళ్ళు కూడా వచ్చారు. తడి లంగా కాళ్ళకు చుట్టుకుని రెండుసార్లు పడ్డాను. పడ్డప్పుడల్లా పిల్లలు నవ్వారు. నాతో మోకుల మీద ఊగిన పిల్లలే. నన్ను రేవుకు రావద్దన్నారు. నీళ్ళకు వెనక దారిన పోవాలి. ఆ రోజు నుంచి నా పేరు పోయింది. మోకు దాటిన పిల్ల అనేవాళ్ళు.

కాకను చూడటానికి పోలేకపోయాను. ఆయనే కబురు పెట్టి పిలిపించాడు. భుజానికి ఆకు కట్టు కట్టి ఉంది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? నన్ను కొట్టింది కొయ్య. నువ్వు గాదు."

నాకు ఏడుపు వచ్చింది.

"ఏడ్వకు. ఎడమ చెయ్యి మంచిగనే ఉంది. ముంత పట్టుకోను చాలు."

పడవ కడిగించిన మరునాడు పొద్దున బాపు కొత్త కొయ్యకు నాలుగు పక్కమోకులూ నారవే కట్టాడు. నేను వెనక దారిలో బిందెతో నిలబడి చూశాను. రెండు వైపులా నార చూసినప్పుడు, ఆ రోజు కుడి వైపు వేలాడిన తాడు గుర్తుకొచ్చి నాకు అంతా అర్థమైంది. ఇంటికి వచ్చి తింటుంటే అవ్వ అడిగింది.

"గా నీలం తాడు ఏమైంది?"

"తెగింది."

"తెగలే."

బాపు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అవ్వ గంజి పోసింది. ఆమె బతికినన్నాళ్ళూ ఆ తాడు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

నన్ను ఒడ్డుకు దూరంగా పంపితే మంచిదన్నారు. దూరపు చుట్టం ఒకాయన జనగామలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేవాడు. అక్కడ చేర్చారు. ఎర్రమట్టి, గుట్టలు, బావులు. నది వాసన ఎక్కడా లేదు. నాకు హాయిగా ఉండేది. తరిగొప్పుల నుంచి, కొడకండ్ల నుంచి వచ్చిన పిల్లలు గోదావరి ఎంతుంటది అని అడిగితే నేను సరిగ్గా చూడలేదని చెప్పేదాన్ని. చదువు అబ్బింది. పుస్తకం తెరిస్తే నన్నెవరూ చూడరని మొదట్లో చదివాను, తర్వాత అలవాటైంది.

బాపు అప్పుడప్పుడు ఎండుచేపలు ఆకులో చుట్టి తెచ్చేవాడు. గది అంతా వాసన అని పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. వరండాలో గంటసేపు కూర్చునేవాడు. బావి చేద తాడు చూసి, ముడి బాగా లేదని విప్పి మళ్ళీ వేసేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇవాళ చెప్తాడు అనుకునేదాన్ని. ఊరి ముందు చెప్పాల్సిన పని లేదు, నాకు చెప్తే చాలు. బస్సు వేళ అయిందని లేచేవాడు. గేటు దాకా పోయి ఒకసారి వెనక్కి చూసేవాడు.

మొదట్లో ఆయనకు భయం అనుకున్నాను. చెయ్యి తప్పిందని తెలిస్తే కొయ్య నిలబెట్టడానికి ఎవరూ పిలవరు. పిలవకపోతే ఆయన ఎవరు? అది నాకు అర్థమయ్యేది. ఆ సంఘటన తర్వాత కూడా ఆయన్ను పిలిచారు. ఆయన కట్టిన కొయ్య మళ్ళీ ఎన్నడూ విరగలేదు. కానీ తర్వాత డీజిలు పడవలు వచ్చాయి. రోడ్డు వచ్చింది. కొయ్యలు కోసి గుడిసెలకు వాసాలు చేసుకున్నారు. తెరచాపలు ధాన్యం మీద కప్పారు. ఇప్పుడు ఆ రేవులో ఇసుక లారీలు తప్ప ఏమీ లేవు. కాపాడుకోవడానికి ఆ పేరే మిగల్లేదు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

అవ్వ పోయాక బాపును నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేసే దండేలు కట్టాను. రెండు వరసలు. ఒకటి కొబ్బరి తాడు, ఇంకొకటి ప్లాస్టిక్ తాడు. ఏది దొరికితే అది. బాపు గోడకు ఆనుకుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి రెండూ విప్పాడు. నేను తడి బట్టలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"ఎందుకు విప్పినవ్ బాపూ?"

"రెండు ఒక్క తీరుగ ఉండాలె బిడ్డ."

"ఎందుకు?"

నా వైపు చూశాడు. నేను కావాలనే అడిగానని ఆయనకు తెలిసింది. డాబా మీద మేమిద్దరమే. పెదవి కదిలింది.

"మంచిగుంటది," అన్నాడు.

అంతే. వంగి మళ్ళీ ముడులు వేశాడు. ఒక ముడి జారిపోయి రెండోసారి వేయాల్సి వచ్చింది. నేను ఇంకేమీ అడగలేదు. ముసలివాడిని అంత బాధపెట్టానని ఆ రోజంతా నాకే తలవంపులుగా అనిపించింది. ఆ తర్వాత దవాఖానలో పడుకున్న రోజుల్లోనూ ఆయన అనలేదు, నేను అడగలేదు.

పెద్దకర్మకు మా రేవు మనుషులు మినీ వ్యానులో వచ్చారు. కాక వచ్చాడు. ఎడమ చేత్తో నా తల నిమిరాడు. భోజనాల ముందు నన్ను మెట్ల పక్కకు పిలిచాడు.

"నీకో ముచ్చట చెప్పాలె బిడ్డా. మా అన్న, అదే మీ బాపు, నాకు అప్పుడే చెప్పిండు. కొయ్యది నా తప్పే అన్నడు. ఎవరికి చెప్పకు అన్నడు. నా చెయ్యి పోయినా నేను చెప్పలే."

"తెలుసు కాక."

"తెలుసా? ఎప్పటిసంది?"

"బాపు మళ్ళ నారమోకులు కట్టిన పొద్దుటిసంది."

కాక మెట్టు మీద కూర్చున్నాడు. "మీ అవ్వకు?"

"అవ్వకు నాకంటె ముందే తెలుసు."

"మరి మీకు తెలుసని ఆయనకు తెలుసా?"

నలుగురమూ ఒకే సంగతి తెలిసి, ఎవరికి వాళ్ళం దాచుకుని బతికాం. కాక ముక్కు చీది, "ఇయ్యాల అందరున్నరు. నేను చెప్త," అన్నాడు. నేను వద్దనలేదు, సరేననలేదు.

విస్తళ్ళు వేశారు. నేను పులుసు వడ్డిస్తున్నాను. వరస చివర రేవు నుంచి వచ్చిన ముసలామె కూర్చుంది. ఆ రోజు బట్టలుతికిన వాళ్ళలో ఒకామె. చూపు ఆనడం లేదు. నా చెయ్యి పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కుంది.

"నువ్వేనా, గా మోకు దాటిన పిల్లవు?"

ఆమె మాటలో కోపం లేదు. ఊరి వరసలు గుర్తుపట్టినట్టు అడిగింది. పక్కన వ్యానులో వచ్చిన పడుచువాళ్ళు తింటూ తల ఎత్తారు. మోకు ఏందమ్మమ్మా అని ఒకమ్మాయి అడిగింది. ఎదుటి వరసలో కాక గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"నేనే పెద్దమ్మా," అన్నాను. "నేనే దాటిన."

కాక నా ముఖం చూశాడు. కొంచెంసేపు చూసి విస్తరి వైపు తల దించుకున్నాడు.

బాపు మీద ప్రేమతో అలా అన్నానని రాసుకుంటే బాగుంటుంది. అది నిజం కాదు. తెలియక మోకు దాటిన పిల్లను చూసి నవ్వుకుని వదిలేస్తారు. తన తప్పు బిడ్డ మీద వేసి ఊరుకున్న మనిషి కూతుర్ని అని, ఆయన ఫోటోకు దండ వేసిన ఇంట్లో, అంతమంది ముందు తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. కాక గొంతు సవరించుకున్న ఆ ఒక్క క్షణంలో నాకు ఆ సిగ్గు తప్ప ఇంకేదీ కనపడలేదు. ఎదుటి వరసలో ఉన్న కాక కూడా కనపడలేదు. ఆ రోజు ఒడ్డున తాడు కొస పట్టుకుని నా వైపు తిరిగినప్పుడు బాపుకూ నేను కనపడి ఉండను.